స్లీవ్ ఆపరేషన్ తర్వాత బీట్‌రూట్ రసానికి బీపీ కదలడం లేదు, ఎందుకని?

యార్డు గుమాస్తా, గుంటూరు:

అందరికీ నమస్కారం. నా వయసు 49. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో లెక్కలు రాస్తాను. కొంచెం పెద్ద ప్రశ్న, ఓపికగా చదవండి.

మా నాన్నగారికి 58వ ఏట పక్షవాతం వచ్చింది. పదకొండు రోజులు మంచంలో ఉండి పోయారు. ఆయనకి బీపీ ఉందని అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే 41వ ఏట నాకు బీపీ బయటపడగానే మిషన్ కొనుక్కున్నాను. ఆ రోజు నుంచి చూసుకున్న ప్రతి అంకె ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తున్నాను. మిర్చి టిక్కీల (బస్తాల) లెక్క రాసే చెయ్యి కాబట్టి రోజు తప్పలేదు. ఇప్పుడు నడుస్తున్నది ఐదో పుస్తకం.

నాలుగేళ్ల క్రితం మా బావమరిది చెబితే బీట్‌రూట్ రసం మొదలుపెట్టాను. మా ఆవిడ అరకిలో బీట్‌రూట్ తురిమి, పల్చటి గుడ్డలో వేసి పిండి, గ్లాసు నిండా ఇచ్చేది. ఉజ్జాయింపుగా 250 మి.లీ. ఉంటుంది. ఏడున్నరకి గటగటా తాగేసి యార్డుకి వెళ్లేవాణ్ణి. పదిన్నరకి ఘాటు తగలని లోపలి గదిలో ఐదు నిమిషాలు కూర్చుని బీపీ చూసుకునేవాణ్ణి. అప్పట్లో బీపీ మాత్రలు టెల్మిసార్టాన్ 40, అమ్లోడిపిన్ 5 రెండూ వాడుతున్నా రసం తాగని రోజు 144/90 దగ్గర ఉండేది, తాగిన రోజు 136/85 దగ్గర. నా భ్రమేమోనని, వేసవిలో యార్డుకి సెలవులిచ్చినప్పుడు రోజు విడిచి రోజు తాగి చూశాను. అదే తేడా వచ్చింది. ఆ ఎనిమిది పాయింట్లు నాకు ఎంత ధైర్యం ఇచ్చాయో చెప్పలేను.

కిందటి ఏడాది దసరా వెళ్లాక బరువు తగ్గడానికి, కడుపులో చాలా భాగం తీసేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. 121 కిలోల మనిషిని ఎనిమిది నెలల్లో 87కి వచ్చాను. మెట్లెక్కితే ఆయాసం లేదు. పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో ఐదు రౌండ్లు నడుస్తున్నాను. అమ్లోడిపిన్ ఆపేశారు, టెల్మిసార్టాన్ 40 ఒక్కటే ఉంది. పొద్దున బీపీ 120/77 దగ్గర ఉంటోంది. ఇదంతా సంతోషమే.

ఆరో నెల నుంచి రసం మళ్లీ మొదలుపెట్టాను. ఏమీ లేదు! తాగినా 120, తాగకపోయినా 120. ఒకరోజు 122 కూడా వచ్చింది. రెండు నెలల లెక్క నా ముందే ఉంది, తేడా సున్నా. కడుపు కోయించుకోవడం వల్ల ఆ గుణం శరీరానికి ఒంటబట్టకుండా పోయిందా? లేక నా రక్తనాళాలే గట్టిపడి, సాగే స్వభావం పోయిందా? మా నాన్నగారు గుర్తొచ్చి రాత్రిళ్లు టెన్షన్‌గా ఉంటోంది. ఆపరేషన్ చేసిన చోట అడిగితే "జ్యూసుల సంగతి మాకు తెలియదండీ, బీపీ బాగుంది కదా" అన్నారు. బాగుంది, నిజమే. కానీ మునుపు పనిచేసింది ఇప్పుడు ఎందుకు పనిచేయడం లేదో నాకు తెలియాలి. తెలిసినవాళ్లు చెప్పగలరు.

పటమట మాస్టారు, విజయవాడ:

గుమాస్తా గారూ, మీలా అంకెలు రాసుకునే మనిషి ప్రశ్న అడిగితే జవాబు చెప్పబుద్ధవుతుంది. నేను ఫిజియాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మందులు రాసే డాక్టర్ని కాను, ఆ సంగతి గుర్తుంచుకుని చదవండి. జవాబుకి ముందు మూడు విషయాలు చెప్పండి. ఎసిడిటీ మాత్ర ఏదైనా రోజూ వేసుకుంటున్నారా? మౌత్‌వాష్ వాడుతున్నారా? ఇప్పుడు రసం ఎంత తాగుతున్నారు, ఎంతసేపట్లో తాగుతున్నారు?

యార్డు గుమాస్తా:

మాస్టారూ, మొదటి రెండింటికీ అవుననే చెప్పాలి. ఆపరేషన్ అయినప్పటి నుంచి పొద్దున్నే పాంటోప్రజోల్ 40 వేసుకుంటున్నాను. పుల్లటి త్రేన్పులు ఎక్కువ, మానేస్తే రాత్రి గొంతులోకి వచ్చేస్తుంది. చిగురు వాచి చీము పట్టిందని డెంటిస్టు క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ ఇచ్చారు. రెండు వారాలు చాలన్నారు గానీ, నోటి వాసన తగ్గి హాయిగా ఉందని నేనే మూడు నెలలుగా రోజుకి రెండు సార్లు వాడుతున్నాను. రసం ఇప్పుడు 120 మి.లీ. మించి పట్టదు. అది కూడా కొంచెం కొంచెంగా, గంట పైనే పడుతుంది.

పటమట మాస్టారు:

ముందు మీ భయం సంగతి తేల్చుకుందాం. మీ రక్తనాళాలు గట్టిపడ్డాయని ఈ అంకెలు చెప్పడం లేదు. అవి చెబుతున్నది వేరే సంగతి.

బీట్‌రూట్‌లో ఉండే నైట్రేట్ తనంతట తాను బీపీని తగ్గించదు. దానికి ఒక పెద్ద చుట్టు ప్రయాణం ఉంది. రసం తాగాక నైట్రేట్ చిన్నపేగు పైభాగంలో రక్తంలోకి చేరుతుంది. రక్తంలో తిరిగే దాంట్లో దాదాపు నాలుగో వంతును లాలాజల గ్రంథులు లాగి మళ్లీ నోట్లోకే వదులుతాయి. అక్కడ నాలుక వెనక భాగంలో కాపురం ఉండే బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. ఆ పని మన ఒంట్లోని కణాలు చేసేది బహు తక్కువ, ఆ సూక్ష్మజీవులే చేయాలి. ఆ ఉమ్మి మింగినప్పుడు కడుపులోని ఆమ్లం తగిలి కొంత నైట్రిక్ ఆక్సైడ్ పుడుతుంది. మిగిలిన నైట్రైట్ రక్తంలో కలిసి, నాళాల దగ్గర నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుతుంది. నాళం గోడలోని కండరాన్ని వదులు చేసేది ఈ వాయువే. ఇది ఒంట్లో కబురు మోసే పదార్థమని కనిపెట్టినందుకే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి వచ్చింది.

లండన్ పరిశోధకులు 2008లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అరలీటరు బీట్‌రూట్ రసం ఇచ్చి చూశారు. మూడు గంటలకి పై బీపీ పది పాయింట్ల దాకా దిగింది. అదే ప్రయోగంలో, రసం తాగాక ఉమ్మిని మింగకుండా ఉమ్మేయమన్నప్పుడు బీపీ దిగలేదు. కేవలం ఉమ్మి మింగకపోతేనే ఫలితం పోయిందంటే నోటి పాత్ర ఎంతో చూడండి. 2015లో బీపీ ఉన్నవాళ్లకే రోజుకి 250 మి.లీ. చొప్పున నాలుగు వారాలు ఇస్తే, ఇంట్లో కొలిచిన పై బీపీ సుమారు 8 తగ్గింది. మీ పాత పుస్తకంలో ఉన్నదీ 8. కాబట్టి మీరు అప్పట్లో చూసింది భ్రమ కాదు.

ఇప్పుడు మీ దారిలో ఎన్ని అడ్డంకులు పడ్డాయో చూద్దాం.

నా మొదటి అనుమానం మౌత్‌వాష్ మీద. క్లోర్‌హెక్సిడిన్ చెడ్డ బ్యాక్టీరియాతో పాటు నైట్రేట్‌ని మార్చే మంచి బ్యాక్టీరియానీ ఊడ్చేస్తుంది. 2013లో 19 మంది ఆరోగ్యవంతుల చేత వారం రోజులు ఇలాంటిది వాడించి చూస్తే, వాళ్లు ఏ రసమూ తాగకపోయినా, బీపీ రెండు మూడు పాయింట్లు పెరిగింది. మీరు మూడు నెలలుగా వాడుతున్నారు. అంటే మీ రసంలోని నైట్రేట్ చాలావరకు నైట్రేట్‌గానే మూత్రంలో పోతూ ఉండొచ్చు.

రెండోది కడుపు. స్లీవ్‌లో కడుపు ముప్పావు వంతు పైనే తీసేస్తారు. ఆమ్లం ఊరే కణాలు చాలా వరకు ఆ తీసేసిన భాగంలోనే ఉంటాయి. మిగిలిన సన్నని గొట్టంలో పదార్థం ఎక్కువసేపు నిలవదు, త్వరగా పేగులోకి జారిపోతుంది. దాని మీద మీరు పాంటోప్రజోల్ వేస్తున్నారు, అది ఉన్న ఆమ్లాన్నీ అణచేస్తుంది. 2017లో ఒక ప్రయోగంలో నోటి ద్వారా నైట్రైట్ ఇచ్చి చూశారు. మామూలుగా బీపీ దిగింది. ఇదే జాతి మాత్ర ఎసోమెప్రజోల్ ముందుగా వేసినప్పుడు మాత్రం దిగలేదు. విశేషమేమిటంటే రక్తంలో నైట్రైట్ పెరుగుదల రెండు సార్లూ ఒకేలా ఉంది. అంటే కడుపులోని ఆమ్లం దగ్గరే ఏదో ముఖ్యమైన పని జరుగుతోందన్నమాట. ఆపరేషన్, మాత్ర రెండూ కలిసి ఆ పనికే అడ్డు పడుతున్నాయి.

దయచేసి ఇది చదివి పాంటోప్రజోల్ మానేయకండి. ఆపరేషన్ చేసిన కడుపుకి అది ఎందుకు రాశారో మీ సర్జన్‌కి తెలుసు. స్లీవ్ తర్వాత పుల్లటి నీరు పైకి తన్నడం మామూలు, అన్నవాహిక పుండు పడితే అది ఎనిమిది పాయింట్ల బీపీ కన్నా పెద్ద ఇబ్బంది.

మూడోది మోతాదు. అప్పట్లో 250 మి.లీ. ఒక్కసారిగా తాగేవారు. ఇప్పుడు సగం కన్నా తక్కువ, అదీ గంట పైన. రక్తంలో ఒక్కసారిగా లేవాల్సిన అల చదునైపోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు, నాలుగోది ఒక ఎత్తు. మీ బీపీ ఇప్పుడు 120. అదే మోతాదు రసానికి, ఎక్కువగా ఉన్న బీపీ దిగినంతగా మామూలు బీపీ సాధారణంగా దిగదు, దిగకూడదు కూడా. 34 కిలోల బరువు పోతే గుండె మీద బరువు, కిడ్నీల మీద ఒత్తిడి, ఒంట్లో నిలిచే ఉప్పు అన్నీ తగ్గుతాయి. బ్రెజిల్‌లో చేసిన గేట్‌వే అధ్యయనం ఫలితాలు 2018లో పత్రికలో అచ్చయ్యాయి. అధిక బరువు, బీపీ రెండూ ఉన్న వంద మందిని తీసుకుని సగం మందికి కడుపు బైపాస్ ఆపరేషన్ (గుండెది కాదు) చేశారు, సగం మందికి మందులు మాత్రమే ఇచ్చారు. ఏడాది తర్వాత బీపీ అదుపులోనే ఉంటూ మందులు 30 శాతమైనా తగ్గినవాళ్లు ఆపరేషన్ అయినవాళ్లలో 83.7 శాతం, మిగతావాళ్లలో 12.8 శాతం. రసం చేయాల్సిన పని మీ విషయంలో ఆపరేషనే, అంతకు మించి, చేసిపెట్టింది.

ఒక పని చేయండి. డెంటిస్టుని అడిగి మౌత్‌వాష్ సంగతి తేల్చుకోండి. ఇంకొకటి, కూర్చుని చూసుకున్నాక లేచి నిలబడి, ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి బీపీ చూసి రాయండి. ఇంత బరువు తగ్గినవాళ్లకి పాత మోతాదు మందు ఎక్కువైపోయే ప్రమాదం ఉంది. నాకు మీ రసం కన్నా అదే ఆలోచనగా ఉంది.

తెనాలి శ్రీను:

మాస్టారూ, ఒక చిన్న అనుమానం. మా తాతయ్యకి గుండెనొప్పి వస్తే నాలుక కింద సార్బిట్రేట్ పెడతాం. అది కూడా నైట్రేటే కదా. మరి కడుపు ఆపరేషన్ అయినవాళ్లకి అది కూడా పనిచేయదా?

పటమట మాస్టారు:

మంచి ప్రశ్న బాబూ. పేరులో నైట్రేట్ ఉన్నా రెండూ వేరు. సార్బిట్రేట్ నాలుక కింద నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కడుపుతో దానికి పని లేదు. నోటి బ్యాక్టీరియాతో కూడా పని లేదు, నాళంలోకి వెళ్లాక శరీరమే దాన్ని విడగొట్టుకుంటుంది. కాబట్టి బీట్‌రూట్ పనిచేయని మనిషికి సార్బిట్రేట్ పనిచేయదని ఎవరూ అనుకోకూడదు. అలాగే దాని బదులు రసం ఇద్దామని కూడా అనుకోకూడదు. తాతయ్యకి నొప్పి వస్తే మాత్ర పెట్టి, ఐదు నిమిషాల్లో తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

కృష్ణలంక లక్ష్మి, విజయవాడ:

గుమాస్తా అన్నయ్య గారూ, నేను చెప్పబోయేది బీపీ గురించి కాదు, ఆ రసం గురించే. దయచేసి చదవండి.

నాకు బైపాస్ జరిగి ఆరేళ్లయింది. మీది స్లీవ్, నాది పేగు కూడా మళ్లించిన ఆపరేషన్. రెండో ఏడాది నేను కూడా ఆరోగ్యమని రోజూ పొద్దున పాలకూర, బీట్‌రూట్ కలిపి జ్యూస్ తాగేదాన్ని. ఐదు నెలలు తాగాను. ఒకరోజు మూత్రం ఎర్రగా వచ్చింది. బీట్‌రూట్ రంగేలే అనుకున్నాను, అలా రావడం నాకు అలవాటే. నాలుగు రోజులు ఊరుకున్నాను. ఐదో రోజు రాత్రి ఎడమ నడుము దగ్గర మొదలై గజ్జల దాకా నొప్పి. మా వారు ఆటోలో తీసుకెళ్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ ఏడ్చాను. ఆ ఎరుపు బీట్‌రూట్ కాదు, రక్తం. కిడ్నీలో రాళ్లు. తీసి పరీక్ష చేస్తే కాల్షియం ఆక్సలేట్ అన్నారు.

తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పారు. పాలకూర, బీట్‌రూట్, చుక్కకూర, తోటకూర వీటిలో ఆక్సలేట్ ఎక్కువ. మామూలు మనిషికి పేగులో కాల్షియం దాన్ని పట్టుకుని విరేచనంలో బయటికి పంపేస్తుంది. బైపాస్ అయినవాళ్లకి కొవ్వు సరిగా అరగదు, అరగని కొవ్వు ఆ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. అప్పుడు ఆక్సలేట్ అడ్డు లేకుండా రక్తంలోకి, అక్కడి నుంచి కిడ్నీకి వెళ్తుంది. దానికి తోడు మనం నీళ్లు ఒక్కసారిగా తాగలేం, మూత్రం చిక్కగా ఉంటుంది. స్లీవ్‌లో ఈ ప్రమాదం బైపాస్ అంత ఉండదని చెప్పారు. కానీ మీరు రోజూ పచ్చి రసం తాగుతున్నారు, బరువు వేగంగా తగ్గుతున్నారు, నీళ్లు తక్కువ తాగుతూ ఉండొచ్చు. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ రాత్రి అంత బాధ పడేదాన్ని కాదు, అందుకే రాస్తున్నాను.

నేను ఇప్పుడు ఆకుకూర మానలేదు. పాలకూర ఉడికించి ఆ నీళ్లు పారబోసి పప్పులో వేస్తాను, పక్కన గట్టి పెరుగు తప్పకుండా ఉంటుంది. కాల్షియం సిట్రేట్ మాత్ర భోజనంతోనే వేసుకుంటాను. ముల్లంగి, క్యాబేజీలలో ఆక్సలేట్ తక్కువ, మాస్టారు చెప్పిన నైట్రేట్ మాత్రం ఉంటుందట, ముల్లంగిలో ఎక్కువే ఉంటుందట. పటమట రైతుబజార్‌లో లేత ముల్లంగి వస్తే సాంబారులో వేస్తాను.

ఇంకో మాట. ఆ 120 మి.లీ. రసం మీ కడుపులో చాలా చోటు తినేస్తుంది. మనకి ముందు వెళ్లాల్సింది ప్రోటీన్. నాకైతే తీపి రసం ఖాళీ కడుపుతో తాగితే గుండె దడదడలాడి చెమటలు పట్టేవి. ఆ సమయంలో బీపీ మిషన్ పెడితే ఏ అంకె వస్తుందో, దానికి అర్థం ఏముంటుందో మీరే ఆలోచించండి.

యార్డు గుమాస్తా:

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, అన్నీ చేసి చూశాక రాద్దామని ఆగాను.

డెంటిస్టు చిగురు చూసి, మానిపోయింది, మౌత్‌వాష్ ఇంకా ఎందుకు వాడుతున్నారని అడిగారు. ఆ రోజే ఆపేశాను. ఉప్పు నీళ్లతో పుక్కిలిస్తున్నాను. పాంటోప్రజోల్ ముట్టుకోలేదు. ఎండోస్కోపీ చేశాక మోతాదు సంగతి ఆలోచిద్దామని సర్జన్ గారు అన్నారు.

మాస్టారు నిలబడి చూడమన్నారు కదా. కూర్చుంటే 118, నిలబడ్డ ఒక నిమిషానికి 98! మూడు రోజులు వరసగా అలాగే వచ్చింది. నిజం చెప్పాలంటే స్టేడియంలో రౌండ్లయ్యాక బెంచీ మీద నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నట్టు ఉండేది, ఎండ అనుకున్నాను. పుస్తకం పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్తే, అంకెలన్నీ చూసి టెల్మిసార్టాన్ 20కి తగ్గించారు. ఇప్పుడు కూర్చుంటే 124, నిలబడితే 116. కళ్లు తిరగడం లేదు. పక్షవాతం వస్తుందని భయపడుతూ, బీపీ ఇంకా దిగాలని రసం తాగుతూ, అసలు బీపీ ఎక్కువ దిగిపోవడమే నా ఇబ్బంది అని తెలుసుకోలేకపోయాను.

మౌత్‌వాష్ ఆపిన మూడో వారం నుంచి నాలుగు రోజులు రసం తాగి, నాలుగు రోజులు తాగకుండా చూశాను. తాగిన రోజుల్లో మూడు పాయింట్లు తక్కువ వచ్చింది. ఎనిమిది రోజుల లెక్కతో ఇది రసం వల్లే అని నేను రాయను. మందు మోతాదు కూడా అప్పుడే మారింది కదా.

లక్ష్మి చెల్లెమ్మ చెప్పింది చదివి మా ఆవిడ గుడ్డ, తురుము పీట రెండూ తీసి అటక మీద పెట్టేసింది. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష, మూత్ర పరీక్ష, స్కానింగ్ చేయించాను. రాళ్లు లేవు. మూత్రం మాత్రం చిక్కగా ఉందన్నారు, రోజుకి రెండు లీటర్లకి తగ్గకుండా నీళ్లు కొంచెం కొంచెంగా తాగమన్నారు. కొట్లో బల్ల మీద లీటరు సీసా పెట్టుకున్నాను, మధ్యాహ్నానికి ఒకటి ఖాళీ అవ్వాలి.

రసం ఆపేశాను. వారానికి రెండు సార్లు ముల్లంగి పప్పు, పెరుగు. నోట్‌బుక్‌లో రసం కోసం గీసిన గడి కొట్టేసి, అక్కడ నిలబడి చూసిన బీపీ రాస్తున్నాను. ఎండోస్కోపీ వచ్చే నెల మొదటి వారంలో ఉంది. ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.